పైన సెగ, కింద వరద: రెండొందల గజాల ఇల్లు ఎలా కట్టాలి?

యాంకర్: నమస్కారం. ఏప్రిల్ వస్తే పై అంతస్తులో పడుకోలేం. గట్టి వాన పడితే సెల్లార్‌లోంచి కారు తీయలేం. హైదరాబాద్, విజయవాడ, ఎక్కడైనా ఇదే వరస. గ్రీన్ బిల్డింగ్ అన్న మాట బ్రోచర్లలో బాగా కనిపిస్తోంది కానీ, అప్పు చేసి రెండొందల గజాల్లో ఇల్లు కట్టుకునే మనిషికి దాంతో పనేంటి? ఈ రోజు మనతో ఒక ఆర్కిటెక్ట్, పట్టణ ప్రణాళిక విభాగంలో పనిచేసి రిటైరైన అధికారి, నగరంలో చాలా ఏళ్లుగా ఇళ్లు కడుతున్న మేస్త్రి గారు ఉన్నారు. మేడమ్, ఎండతోనే మొదలుపెడదాం.

ఆర్కిటెక్ట్: ముందు సూర్యుడు ఎక్కడుంటాడో చూడాలండీ. హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. నిలబెట్టిన కర్రకి నీడే పడదు. మళ్లీ ఆగస్టు 3 ప్రాంతంలో అలాగే. అంటే వేసవిలో ఎండ ఎక్కువగా పడేది గోడల మీద కాదు, స్లాబ్ మీద. మనం మాత్రం డబ్బంతా ఎలివేషన్ మీద, అంటే ఇంటి ముందు వైపు అందం మీద పెడతాం. స్లాబ్‌ని సిమెంట్ రంగులో అలాగే వదిలేస్తాం. అది పగలంతా వేడి పీల్చుకుని, రాత్రి మనం పడుకునే వేళకి కిందికి వదులుతుంది. బయట చల్లబడ్డా లోపల ఫ్యాన్ వేడిగాలి కొట్టడానికి కారణం ఇదే.

యాంకర్: కూల్ రూఫ్ అంటే తెల్ల రంగు వేయడమేనా?

ఆర్కిటెక్ట్: తేలికైన దారి అదే. తెలుపు ఎండని తిప్పికొడుతుంది. గదిలో రెండు మూడు డిగ్రీలు తగ్గినా రాత్రి నిద్ర పడుతుంది. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల మేర చల్లటి పైకప్పులు ఉండాలని లక్ష్యం. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకి తప్పనిసరి. ఇళ్లకైతే 600 గజాలు, ఆ పైన స్థలంలో కట్టేవాటికి తప్పనిసరి, లోపైతే మీ ఇష్టం. నా పేచీ ఇక్కడే. ఆరొందల గజాల వాళ్ల ఇంట్లో ఏసీ ఉంటుంది. ఎండకి నిజంగా ఉడికిపోయేది రేకుల ఇళ్లలో ఉండేవాళ్లు. వాళ్లకి చట్టం అక్కర్లేదు, ఎవరైనా వెళ్లి ఉచితంగా రంగు వేసి రావాలి.

మేస్త్రి: మేడమ్ చెప్పింది నిజమే కానీ, ఆ తెలుపు ఎన్నాళ్లుంటుంది? ఉత్త సున్నం వేస్తే ఒక వానాకాలంతో సరి. సున్నంలో ఫెవికాల్ కలిపి రెండు కోట్లు వేస్తే ఇంకొంచెం ఆగుతుంది. దుమ్ము పడితే అదీ మట్టి రంగే. నన్నడిగితే టైల్స్ షాపుల దగ్గర పగిలిన తెల్ల ముక్కలు దొరుకుతాయి, చవక. వాటిని తెచ్చి స్లాబ్ మీద వాటం పెట్టి పరిచేస్తే ఏళ్ల తరబడి ఉంటుంది. చీపురుతో ఊడిస్తే చాలు. కానీ ఆ వాటం ముఖ్యం. నీళ్ల గొట్టం వైపు వాలు లేకపోతే ఎంత మంచి టైల్ వేసినా కింద చెమ్మ దిగుతుంది.

యాంకర్: వాటం పెట్టకుండా ఎవరైనా వేస్తారా?

మేస్త్రి: (నవ్వుతూ) చదరపు అడుగు లెక్కన గుత్తకి ఇచ్చారు కదండీ. వాటానికి ఎక్స్‌ట్రా మెటీరియల్. క్యూరింగ్ సంగతీ అంతే. స్లాబ్ మీద మళ్లు కట్టి నీళ్లు నిలపాలి. ఇప్పుడు వచ్చేది చాలావరకు పీపీసీ సిమెంటే, బూడిద కలిపింది. అది నెమ్మదిగా గట్టిపడుతుంది, పది రోజులైనా తడి ఆరకూడదు. ఎండాకాలంలో రెండు వారాలు. మూడో రోజుకే ఓనర్ ఫోన్ చేస్తాడు, గోడలు ఎప్పుడు లేపుతున్నావని.

రిటైర్డ్ అధికారి: పర్యావరణం గురించి మాట్లాడేటప్పుడు ఇది ఎవరూ చెప్పరు. సున్నపురాయిని కాల్చి చేసే క్లింకరే సిమెంట్‌కి మూలం. అది ఒక టన్ను తయారైతే, బొగ్గు సంగతి పక్కన పెట్టండి, సున్నపురాయి విడిపోవడంతోనే అర టన్ను పైన కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. తాండూరు, హుజూర్‌నగర్, మాచర్ల, ఎర్రగుంట్ల, మన రెండు రాష్ట్రాల్లో సున్నపురాయి పుష్కలంగా ఉంది కాబట్టి సిమెంట్ అంటే మనకి లెక్కలేదు. పది రోజులు నీళ్లు పట్టక స్లాబ్ ఇరవై ఏళ్లకే పెచ్చులూడితే, కూలగొట్టి మళ్లీ అంత సిమెంటూ పోయాలి.

యాంకర్: ఇటుకల సంగతి?

మేస్త్రి: బూడిద ఇటుక మంచిదే. బట్టీలో కాల్చక్కర్లేదు, చెరువు మట్టి తవ్వక్కర్లేదు. సైజు ఒకేలా ఉంటుంది, ప్లాస్టరింగ్ కూడా తక్కువ పడుతుంది. కానీ పెద్దవాళ్లు ఇటుకని ఇటుకతో కొట్టి చూసి, ఖంగుమనకపోతే వద్దంటారు. రాయిని పొడి చేసి తీసే రోబో శాండ్‌కి కూడా మొదట్లో ఇలాగే అన్నారు. ఇప్పుడు నది ఇసుక రేటు చూశాక ఎవరూ మాట్లాడట్లేదు.

యాంకర్: పాతకాలం మండువా ఇళ్లు, మధ్యలో ఆకాశం కనిపించే ముంగిలి ఉన్నవి, చల్లగా ఉండేవి, అలా కట్టుకుంటే పోతుంది కదా అని చాలామంది మెసేజ్‌లు పెడుతున్నారు.

ఆర్కిటెక్ట్: నా దగ్గరికొచ్చే ప్రతి రెండో మనిషీ ఆ ఫొటో పట్టుకొస్తారు. అయ్యా, మండువాకి ఎకరం కాకపోయినా అందులో పావు వంతైనా ఉండాలి. నూటయాభై గజాల్లో చుట్టూ ఖాళీ వదిలాక మధ్యలో ఇంకో ఆకాశం ఎక్కడ తేను? దాని గుణం మాత్రం తెచ్చుకోవచ్చు. మెట్ల గది పైన వెంటిలేటర్ పెడితే వేడిగాలి పైకి పోతుంది. పడమర గోడకి పడగ్గది కాకుండా మెట్లో బాత్రూమో పెట్టండి. పడమటి ఎండ వాలుగా వస్తుంది, దాన్ని సజ్జ ఆపలేదు. చిల్లుల జాలీ గోడో చెట్టో కావాలి. మన హైదరాబాద్‌లోనే 2004లో సీఐఐ సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ వచ్చింది. గ్రీన్ బిల్డింగ్‌లకిచ్చే లీడ్ రేటింగ్‌లో అన్నిటికంటే పైదైన ప్లాటినం, అమెరికా బయట పొందిన మొదటి భవనం అది. మధ్యలో ముంగిలి, జాలీ గోడలు, పైన గడ్డి కప్పు, గాలి బురుజులు, అన్నీ మనకి తెలిసినవే. దాన్ని చూసుకుంటూనే, ఆ చుట్టుపక్కల నాలుగు వైపులా అద్దాలు బిగించిన డబ్బాలు కట్టుకున్నాం. చలిదేశంలో సూర్యుణ్ని లోపలికి పిలవడానికి పనికొచ్చే అద్దాన్ని ఇక్కడ బిగించి, వచ్చిన వేడిని బయటికి తోయడానికి ఏసీలకి కరెంటు బిల్లు కడుతున్నాం.

యాంకర్: విరామం తర్వాత నీళ్ల గురించి.

(విరామం)

యాంకర్: సార్, ఇల్లు ఎంత బాగా కట్టినా వరదొస్తే ఏం లాభం అంటున్నారు చాలామంది.

రిటైర్డ్ అధికారి: నేనూ అదే అంటాను. మేడమ్‌కి కోపం రావచ్చు.

ఆర్కిటెక్ట్: రాదు, చెప్పండి.

రిటైర్డ్ అధికారి: 1908 సెప్టెంబర్‌లో హైదరాబాద్‌లో మూసీ నది పొంగి వేలమంది చనిపోయారు. నిజాం పిలిపిస్తే ఇంజనీర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు వచ్చి చూశారు. ఆయన లెక్కలో నది పైభాగంలో 788 చెరువులుంటే 221 తెగిపోయాయి. ఒకదాని కింద ఒకటి, గొలుసుకట్టు చెరువులు కదా, పైది తెగితే కిందది ఆగదు. అందుకే గట్లు కట్టి సరిపెట్టకుండా పైనే నీటిని ఆపమన్నారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ అలా వచ్చాయి. ఆ రెండింటినీ కాపాడటానికి 1996లో జీవో 111 తెచ్చి, చుట్టూ పది కిలోమీటర్లలో 84 గ్రామాల్లో కట్టడాలకి హద్దులు పెట్టారు. 2022లో ఆ ఆంక్షలు సడలిస్తూ ఇంకో జీవో. వందేళ్ల కింద పడిన కష్టాన్ని ఒక కాగితంతో వదులుకుంటామా?

యాంకర్: అక్కడి రైతులు, తమ భూములకి రేటు రాదని ఇన్నేళ్లూ బాధపడ్డారు కదా సార్.

రిటైర్డ్ అధికారి: పడ్డారు. ఊరు మొత్తం ఆ నీళ్లు తాగి, భారం ఆ 84 గ్రామాల మీదే పెట్టింది. వాళ్లకి పరిహారం ఇచ్చి ఉండాల్సింది. ఆంక్ష ఎత్తేయడం వేరు, వాళ్లకి న్యాయం చేయడం వేరు.

యాంకర్: ఇంకుడు గుంతలు తవ్వితే వరద తగ్గదా?

మేస్త్రి: నేను లెక్క చెప్తా. పన్నెండొందల చదరపు అడుగుల డాబా మీద పది సెంటీమీటర్ల వాన పడితే పదకొండు వేల లీటర్లు. రెండు ట్యాంకర్లకి పైనే. ఇంకుడు గుంత అయిదడుగుల పొడవు, వెడల్పు, లోతు తవ్వితే మూడున్నర వేల లీటర్లు. అందులో కంకర, దొడ్డు ఇసుక నింపాక నీళ్లకి మిగిలే చోటు సగం కూడా ఉండదు. పైగా హైదరాబాద్‌లో చాలా చోట్ల నాలుగడుగులు తవ్వితే షీట్ రాక్, అంటే ఒకటే బండ.

రిటైర్డ్ అధికారి: 2020 అక్టోబర్‌లో ఘట్‌కేసర్ వైపు ఒక్క రోజులో 32 సెంటీమీటర్లు పడింది. మేస్త్రి గారి డాబా మీదే ముప్పై అయిదు వేల లీటర్లు అవుతుంది. దాన్ని ఏ గుంతా మింగలేదు.

ఆర్కిటెక్ట్: ఒప్పుకుంటాను. గుంత వరద కోసం కాదు, బోరు కోసం. ఏడాదిలో ఎక్కువ రోజులు పడేవి చిన్న వానలే. అవి రోడ్డెక్కకుండా ఇంకితే చాలు. మొదటి వాన మాత్రం డాబా దుమ్ముతో వస్తుంది, దాన్ని బయటికి వదిలేసే వాల్వ్ పెట్టుకోండి. లేకపోతే రెండేళ్లలో గుంత పూడిపోతుంది.

మేస్త్రి: పూడేదాకా ఎందుకు మేడమ్, చాలా చోట్ల ఫొటో దిగేదాకే గుంత. తర్వాత మూత మీద పార్కింగ్ టైల్స్ వేసేస్తారు. గొట్టం నేరుగా రోడ్డు మీదికి.

యాంకర్: (నవ్వు) విజయవాడ సింగ్‌నగర్ నుంచి ఒక ప్రేక్షకుడు లైన్‌లో ఉన్నారు. చెప్పండి సార్.

ప్రేక్షకుడు: నమస్తే అండీ. 2024లో బుడమేరు వాగు వరద వచ్చినప్పుడు మా ఇంట్లో ఛాతీ లోతు నీళ్లు. రోజుల తరబడి డాబా మీదే ఉన్నాం. ఇప్పుడు పాత ఇల్లు తీసేసి కొత్తగా కడదామనుకుంటున్నాం. బేస్‌మెంట్ ఎన్ని అడుగులు లేపమంటారు?

రిటైర్డ్ అధికారి: బాబూ, ఆ రోజు ఏం జరిగిందో ముందు చూడాలి. బుడమేరు మైలవరం వైపు కొండల్లోంచి వచ్చి కొల్లేరుకి పోవాలి. వరద ఊళ్లోకి రాకుండా వెలగలేరు దగ్గర మళ్లించి కృష్ణలో కలుపుతారు. ఆ రోజు కృష్ణే నిండుగా ఉంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, అదివరకెన్నడూ లేనంత. ఇక మళ్లింపు కాలువ నీళ్లు ఎక్కడికి పోతాయి? కాలువకి గండ్లు పడ్డాయి. కిందికొచ్చేసరికి బుడమేరు దారి ఇరుకు, అంతా ఇళ్లు. మీ బేస్‌మెంట్ ఒక్కటే లేపితే నీళ్లు పక్కింట్లోకి పోతాయి.

మేస్త్రి: ఇంకో సంగతి. పాత రోడ్డు గీకకుండా దాని మీదే కొత్త రోడ్డు వేస్తారు. వేసినప్పుడల్లా ఎత్తు పెరుగుతుంది. ఈ రోజు మూడడుగులు లేపితే, ఇంకో రెండు రోడ్లు పడేసరికి మీ గుమ్మం మళ్లీ కిందికే.

ప్రేక్షకుడు: మరి నన్నేం చేయమంటారు సార్? స్థలం అమ్ముదామన్నా కొనేవాళ్లు లేరు.

ఆర్కిటెక్ట్: నేను చెప్తానండీ. వీలైతే కింద స్టిల్ట్, అంటే పిల్లర్ల మధ్య ఖాళీ, వదిలేయండి, గదులొద్దు, బళ్లు పెట్టుకోండి. కట్టక తప్పదంటే మీటర్ బోర్డు, స్విచ్‌లు, మోటార్ స్టార్టర్ నీళ్లొచ్చిన గుర్తు కంటే పైన పెట్టించండి. పాత గోడ మీద ఆ మరక ఇంకా ఉంటే చెరపకముందే కొలుచుకోండి. కింది అంతస్తులో ప్లైవుడ్ అల్మారాలొద్దు, కడప రాయి బల్లలు చాలు, కడిగితే పోతుంది. సంప్ మూత బిగుతుగా ఉండాలి, లేకపోతే మురుగు నీళ్లు తాగునీళ్లలో కలుస్తాయి. డాబా మీదికి మెట్లు లోపల్నుంచే ఉండాలి.

యాంకర్: సార్, కొత్తగా స్థలం కొనేవాళ్లు ఏం చూడాలి?

రిటైర్డ్ అధికారి: ఎండాకాలంలో చూసి కొనకండి. వానాకాలంలో, వాన వెలిసిన గంటలోపు వెళ్లి చూడండి. ఊళ్లో పెద్దవాళ్లని అలుగు, అంటే చెరువు నిండితే నీళ్లు పొర్లే చోటు, ఎక్కడుండేదో అడగండి. రూల్స్ ఉన్నాయి, తెలంగాణలో జీవో 168 అని 2012ది. పది హెక్టార్లు, ఆ పైన చెరువైతే ఎఫ్‌టీఎల్, అంటే చెరువు పూర్తిగా నిండితే నీళ్లు చేరే హద్దు, దాని నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదైతే 9 మీటర్లు వదలాలి. పది మీటర్ల కంటే వెడల్పున్న నాలాకి 9 మీటర్లు. లేఅవుట్ అమ్మేవాడు ఇవి చెప్పడు. 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చి కూల్చడం మొదలుపెట్టాక జనం ఎఫ్‌టీఎల్ అనే మాట నేర్చుకున్నారు. అనుమతి ఇచ్చినవాళ్లు, అమ్మినవాళ్లు బాగానే ఉన్నారు, చివర్లో కొన్నవాడే రోడ్డున పడ్డాడు. అందుకే నేను ఇంటి డిజైన్ కంటే సర్వే మ్యాప్ ముందంటాను.

ఆర్కిటెక్ట్: మ్యాప్ చూసుకున్నాక నా దగ్గరికి రమ్మని చెప్పండి సార్.

యాంకర్: ఆఖరి ప్రశ్న. మెసేజ్‌లో వచ్చింది. "మాది అయిదో అంతస్తు. డాబాకి కూల్ పెయింట్ వేయిద్దామంటే, లాభం మీకే కాబట్టి ఖర్చూ మీదేనని అసోసియేషన్ వాళ్లు అంటున్నారు. ఏం చేయాలి?"

ఆర్కిటెక్ట్: డాబా ఉమ్మడి ఆస్తి. ఎండకి వ్యాకోచించి, రాత్రికి ముడుచుకుని పగుళ్లిచ్చేది అందరి స్లాబే. లీకేజీ వస్తే రిపేరుకి అందరూ కట్టాల్సిందే కదా. ఎలాగూ వాటర్‌ప్రూఫింగ్ చేయిస్తారు, పై కోటు తెల్లది వేయమని అడగండి. మామూలు దానికీ దీనికీ ఉన్న తేడా మాత్రం పై అంతస్తు వాళ్లు భరిస్తామని చెప్తే గొడవ తేలుతుంది. ఫిబ్రవరిలోనే మీటింగ్ పెట్టించండి, ఏప్రిల్ వస్తే పనివాళ్లు దొరకరు.

మేస్త్రి: పెయింట్ కంటే ముందు డాబా మీదున్న పాత డిష్‌లు, విరిగిన కుర్చీలు, పగిలిన ట్యాంకులు ఎవరివో వాళ్లని దించుకోమనండి. అవి కదలకపోతే మేం పని మొదలుపెట్టలేం. ఎక్కడికెళ్లినా రెండు రోజులు దానికే పోతోంది.

యాంకర్: అసోసియేషన్ వాళ్లు వింటున్నారనుకుంటా. ముగ్గురికీ ధన్యవాదాలు. నమస్కారం.