ప్రోటాన్ బరువు ఎక్కడిది?

డిగ్రీ పిల్లలకు, వాళ్లను వెంటబెట్టుకుని హనుమకొండ దాకా వచ్చిన సార్లకు, మేడమ్‌లకు నమస్కారం.

ఎనుమాముల మార్కెట్‌లో కాంటా మీద 40 కిలోల మిర్చి బస్తా ఉందనుకోండి. అందులో ఎలక్ట్రాన్ల వాటా పది పన్నెండు గ్రాములే. మిగతాదంతా ప్రోటాన్లు, న్యూట్రాన్లు. ఇంతవరకు మీకు తెలిసిందే. ప్రోటాన్ లోపలికి వెళ్తేనే లెక్క కుదరదు.

ప్రోటాన్ లోపల క్వార్కులనే ఇంకా చిన్న కణాలుంటాయి: రెండు అప్ క్వార్కులు, ఒక డౌన్ క్వార్కు. ద్రవ్యరాశిని మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల్లో (కణాల శక్తికీ ద్రవ్యరాశికీ వాడే కొలత) చెప్పుకుంటే అప్ క్వార్కుది సుమారు 2.2, డౌన్‌ది 4.7. మూడూ కలిపితే 9. మరి ప్రోటాన్? 938! మిగతా 929 ఎక్కడినుంచి వచ్చింది?

2012లో యూరప్‌లోని సెర్న్ ప్రయోగశాలలో హిగ్స్ కణం దొరికినప్పుడు ‘అన్నిటికీ బరువునిచ్చే కణం’ అని పేపర్లు, టీవీలు ఊదరగొట్టాయి. ఆ మాట ఇప్పటికీ క్లాసుల్లో వింటుంటే నాకు బాధేస్తుంది, ఎందుకంటే అసలు విషయం అంతకంటే అందమైనది. హిగ్స్ క్షేత్రం వల్ల వచ్చేది ఎలక్ట్రాన్లకు, క్వార్కులకు ఉన్న సొంత ద్రవ్యరాశి. మన బస్తాలో అది అరకిలో లోపే.

మిగతాదంతా శక్తి. శక్తి కూడా ద్రవ్యరాశే అని ఐన్‌స్టీన్ చెప్పాడు కదా. కాగితం తీయండి, మీరే వేసి చూడొచ్చు. ప్రోటాన్ వ్యాసార్ధం 0.84 ఫెర్మీలు, అంటే మీటరులో వెయ్యి లక్షల కోట్లవ వంతుకు కాస్త తక్కువ. అంత ఇరుకులో బంధించిన కణం కదలకుండా ఉండలేదు. హైసెన్‌బర్గ్ అనిశ్చితత్వ సూత్రం ఒప్పుకోదు. చోటు ఎంత ఇరుకైతే ద్రవ్యవేగం అంత ఎక్కువ. క్వార్కు చాలా తేలిక కాబట్టి దాని శక్తి తేల్చడానికి 197ని (ప్లాంక్ స్థిరాంకం, కాంతి వేగం కలిసి ఈ కొలతల్లో ఇచ్చే సంఖ్య) 0.84తో భాగిస్తే చాలు. 235 వస్తుంది. మూడు క్వార్కులకు 705. మూడు వరుసల లెక్కతోనే 938కి ఎంత దగ్గరికొచ్చామో చూడండి!

ఇది ముతక లెక్కే, గ్లూయాన్లు ఇందులో లేవు. క్వార్కుల్ని పట్టి ఉంచేది అవే. వాటికి సొంత ద్రవ్యరాశి సున్నా, అయినా వాటి క్షేత్రంలో బోలెడు శక్తి ఉంటుంది. క్వార్కును బయటికి లాగబోతే ఆ పట్టు సడలదు. ఇంకా లాగితే ఆ శక్తితో కొత్త క్వార్కు, ప్రతిక్వార్కు జంట పుడుతుంది తప్ప ఒంటరి క్వార్కు చేతికి రాదు. దగ్గరగా ఉన్నప్పుడు మాత్రం ఈ బలం బలహీనపడుతుందని 1973లో గ్రాస్, విల్చెక్, పొలిట్జర్ చూపించారు. 2004లో వాళ్లకు నోబెల్ వచ్చింది.

అసలు సమీకరణాలు చేత్తో తేలేవి కావు. స్థలకాలాలను వలలా గళ్లుగా విడగొట్టి సూపర్ కంప్యూటర్లకు అప్పజెప్పారు. 2008లో యూరప్ శాస్త్రవేత్తల బృందం అలా లెక్కగట్టిన ద్రవ్యరాశి, ప్రయోగాల్లో కొలిచినదానితో చక్కగా సరిపోయింది. 2018లో మరో బృందం వాటాలు కూడా తేల్చింది. క్వార్కుల కదలికలది దాదాపు మూడో వంతు, గ్లూయాన్ క్షేత్రపు శక్తి అంతకు కాస్త ఎక్కువ. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం పూర్తిగా క్వాంటం ప్రభావం.

అలాగని హిగ్స్ వాటాను తీసిపారేయలేం. న్యూట్రాన్ ద్రవ్యరాశి 939.6, ప్రోటాన్‌ది 938.3. న్యూట్రాన్‌లో రెండు డౌన్ క్వార్కులు, ఒక అప్; డౌన్ క్వార్కు అప్ కంటే బరువు కాబట్టే ఈ తేడా. ఆ రెండు క్వార్కుల బరువూ సమానమై ఉంటే, విద్యుదావేశం వల్ల ప్రోటానే బరువెక్కి న్యూట్రాన్‌గా మారిపోయేది. అప్పుడు హైడ్రోజనూ లేదు, నీళ్లూ లేవు.