పీఎంపీ బూట్‌క్యాంప్ రివ్యూ: నాలుగు రోజుల్లో ఏం వస్తుంది, ఏం రాదు

నమస్కారం అండీ. పీఎంపీ అంటే ప్రాజెక్ట్ మేనేజర్లకు పీఎంఐ (ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్) ఇచ్చే సర్టిఫికేషన్. ఆ పరీక్ష కోసం నడిపే నాలుగు రోజుల బూట్‌క్యాంప్ కోర్సుల గురించి ఈ వీడియో. ఏ సంస్థ పేరూ చెప్పడం లేదు. ఈ తరహా కోర్సుకు డబ్బు కడితే చేతికి ఏం వస్తుందో చూద్దాం.

ముందుగా కచ్చితంగా వచ్చేది చెప్తాను: 35 గంటల శిక్షణ సర్టిఫికెట్. పీఎంపీకి దరఖాస్తు చేయాలంటే ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్‌లో 35 గంటల శిక్షణ ఉండాలి. పీఎంఐ వాళ్లదే తొలి మెట్టు సర్టిఫికేషన్ సీఏపీఎం యాక్టివ్‌గా ఉన్నవాళ్లకు ఒక్కరికే మినహాయింపు. సొంతంగా పుస్తకాలు చదివిన గంటలు ఇందులో లెక్కకు రావు. నాలుగు రోజులు, రోజుకు తొమ్మిది గంటల చొప్పున వేసుకుంటే 36 అవుతుంది, కోర్సు నాలుగు రోజులు పెట్టేది అందుకే. సర్టిఫికెట్ మీద మీ పేరు, కోర్సు పేరు, తేదీలు, గంటలు స్పష్టంగా ఉన్నాయో లేదో ఆఖరి రోజే చూసుకోండి. దరఖాస్తు ఆడిట్‌కి, అంటే పీఎంఐ తనిఖీకి, ఎంపికైతే ఆ కాగితమే అడుగుతారు, దాంతోపాటు డిగ్రీ కాపీ, అనుభవాన్ని ధ్రువీకరించే సంతకాలు కూడా. వాటికి ఇచ్చే గడువు 90 రోజులు. పాత మేనేజర్ ఉద్యోగం మారి ఉంటే ఆయన్ని పట్టుకోవడానికే సగం గడువు పోతుంది, కాబట్టి దరఖాస్తు నొక్కకముందే ఒక మాట చెప్పి ఉంచండి.

ఇక సిలబస్. 2021 జనవరిలో వచ్చిన ఔట్‌లైన్‌లో, అంటే పరీక్షలో ఏ భాగానికి ఎంత వాటా అని పీఎంఐ ఇచ్చే పత్రంలో, పీపుల్ 42 శాతం, ప్రాసెస్ 50, బిజినెస్ ఎన్విరాన్‌మెంట్ 8. దాదాపు సగం ప్రశ్నలు అజైల్ (పనిని చిన్న విడతలుగా చేస్తూ, మార్పులను కలుపుకుంటూ పోవడం), హైబ్రిడ్ (అజైల్‌నీ, ముందే అంతా ప్లాన్ చేసే పద్ధతినీ కలపడం) పద్ధతుల మీదే. అయినా కొన్ని కోర్సులు ఇంకా పీఎంఐ గైడ్ పుస్తకం పీఎంబాక్ ఆరో ఎడిషన్‌లోని 49 ప్రాసెస్‌లనూ, వాటి ఇన్‌పుట్లనూ ఔట్‌పుట్లనూ వరసగా బట్టీ పట్టిస్తున్నాయి. రెండు రోజులు దానికే పోతే ఆ కోర్సు వేస్ట్. ఔట్‌లైన్ కొన్నేళ్లకోసారి మారుతుంది కూడా. మీరు పరీక్ష రాసే తేదీకి ఏది అమల్లో ఉంటుందో పీఎంఐ సైట్‌లో చూసి, కోర్సు మెటీరియల్ దాని ప్రకారమే ఉందా అని అడగండి.

అసలు దెబ్బ తినేది ఎక్కడో ఒక ప్రశ్నతో చూద్దాం. ప్రాజెక్టు మధ్యలో స్పాన్సర్ వచ్చి చిన్న ఫీచర్ ఒకటి చేర్చమన్నాడు. ప్రాజెక్ట్ మేనేజర్ ముందుగా ఏం చేయాలి? ఆప్షన్లు నాలుగు: ఒప్పేసుకోవడం, కుదరదనడం, మార్పులను ఆమోదించే చేంజ్ కంట్రోల్ బోర్డుకి పంపడం, ప్రభావం అంచనా వేయడం. ప్రాజెక్టు ప్రిడిక్టివ్ (ముందే అంతా ప్లాన్ చేసి నడిపేది) అయితే ముందు ప్రభావం అంచనా, ఆ తర్వాతే చేంజ్ రిక్వెస్టు, బోర్డు. అదే అజైల్ అయితే ఆ నాలుగింటిలో ఏదీ సరిపోదు. ప్రొడక్ట్ ఓనర్ దగ్గరికి పంపాలి, బ్యాక్‌లాగ్‌లో, అంటే చేయాల్సిన పనుల జాబితాలో, దాని ప్రాధాన్యం ఆయనే తేలుస్తాడు. అంటే ప్రశ్నలో స్ప్రింట్ (అజైల్‌లో ఒక పని విడత) అన్న ఒక్క మాట కనబడితే జవాబు మారిపోతుంది. ఇది స్లైడు చూస్తే రాదు. తప్పు పోయిన ప్రశ్నను ముందేసుకుని కూర్చుంటేనే వస్తుంది. నాలుగు రోజుల్లో అంత టైం ఉండదు, అదే బూట్‌క్యాంప్‌కి ఉన్న పెద్ద లోపం.

ఫార్ములాల భాగం మాత్రం ఈ కోర్సుల్లో బాగానే చెప్తారు. కానీ ఎప్పుడు ఏది వాడాలో దాటేస్తారు. బడ్జెట్ 1000, చేసిన పని విలువ 400, ఖర్చు 500 అనుకోండి. పని విలువను ఖర్చుతో భాగిస్తే వచ్చే సీపీఐ 0.8. ఇదే ధోరణి చివరిదాకా సాగుతుందంటే 1000ని 0.8తో భాగించాలి, మొత్తం ఖర్చు 1250. ఒక్కసారి జరిగిన పొరపాటు, ఇకపై అనుకున్న రేటుకే పని నడుస్తుందంటే 500కి మిగిలిన 600 కలపాలి, 1100. రెండు అంకెలూ ఆప్షన్లలో ఉంటాయండోయ్! తేడా అంతా ప్రశ్న చివరి వాక్యంలోనే.

టైం సంగతి. ఆ 2021 ఔట్‌లైన్ పరీక్షలో 180 ప్రశ్నలు, 230 నిమిషాలు, మధ్యలో పది నిమిషాల బ్రేకులు రెండు. 60 ప్రశ్నలయ్యేసరికి గడియారంలో 153 నిమిషాలు, 120 అయ్యేసరికి 77 మిగిలి ఉండాలి. బ్రేక్ తీసుకున్నాక వెనకటి 60కి మళ్లీ వెళ్లనివ్వదు, మార్క్ చేసి పెట్టుకున్నవి ముందే తేల్చుకోండి. నెగెటివ్ మార్కులు లేవు, ఖాళీ వదలొద్దు. బూట్‌క్యాంప్‌లో ఇరవై ప్రశ్నల క్విజ్‌లు పెడతారు, బాగానే ఉంటుంది. కానీ మూడో భాగంలో బుర్ర మొద్దుబారడం అనేది పూర్తి నిడివి మాక్ రాస్తే తప్ప తెలియదు. కోర్సులో కనీసం రెండు పూర్తి మాక్‌లు లేకపోతే వేరే చోట సమకూర్చుకోండి.

రోజూ స్క్రమ్ అనే అజైల్ పద్ధతిలోనూ, మార్పుల నియంత్రణలోనూ పనిచేసేవాళ్లకు బూట్‌క్యాంప్ సరిపోతుంది. ఆ తర్వాత మూడు నాలుగు వారాలు మాక్‌ల మీద కూర్చుంటే చాలు. అజైల్ కొత్తైనవాళ్లు ఐదు వారాంతాలు, రోజుకు మూడున్నర గంటలు సాగే తరగతులకు వెళ్లండి. గంటలు అవే 35, కానీ మధ్య రోజుల్లో సాధన చేసుకునే వీలుంటుంది.

పాస్ గ్యారంటీ అని రాసినచోట షరతులు చదవండి. డబ్బు వాపసా, లేక మళ్లీ క్లాసులో కూర్చోనివ్వడమా? రెండూ ఒకటి కాదు. అసలు పరీక్షలో వచ్చిన ప్రశ్నలే ఇస్తామనేవాళ్ల జోలికి అస్సలు పోవద్దు, అవి వాడితే పరీక్ష నిబంధనలను ఉల్లంఘించినట్టే.

డబ్బు కట్టేముందు డెమో క్లాస్ అడిగి, కష్టమైన ప్రశ్న ఒకటి చేయించమనండి. సరైన ఆప్షన్ చదివి పక్క ప్రశ్నకు వెళ్లిపోతే ఆ కోర్సు వదిలేయండి. మిగతా మూడూ ఎందుకు కావో విడమరిచి చెప్తే చేరండి.