స్తంభం నంబరు

శ్రోతలందరికీ నమస్కారం.

మా కాలనీ నల్లగొండ జిల్లాలో ఒక పట్టణం చివర ఉంటది. ఒకప్పుడు కంది చేన్లు ఉన్న భూమి. ప్లాట్లు పడ్డయి, ఇండ్లు లేచినయి, నడుమ మిగిలిన ఖాళీ జాగల్లో సర్కారు తుమ్మ మొలిచింది. మోరీ సగం గల్లీల్లోనే ఉన్నది, ఉన్నచోట కూడా అంతటా బండలు లేవు. పోయిన వానాకాలం ఒకరోజు రాత్రి ఏడున్నరకు మా గల్లీ పెద్దమ్మ పాల ప్యాకెట్ తెచ్చుకుంటూ ఆ మోరీలో పడింది. రోజూ దాటే చోటే. అక్కడ బండ లేదని ఆమెకు బాగా తెలుసు. లైటు లేక అడుగు తప్పింది. తుంటి ఎముక విరిగింది.

ఆ రాత్రి ఆసుపత్రి బయట మేం ఐదారుగురం నిలబడ్డం. "లైటు గురించి ఎన్నిసార్లు చెప్పిన సార్" అని ఒకాయన. నేనూ చెప్పిన అని ఇంకొకాయన. నిజమే, అందరం చెప్పినం. ఎవరికి చెప్పినం, ఏ తారీఖున చెప్పినం, ఏ లైటని చెప్పినం అంటే ఒక్కరి దగ్గరా జవాబు లేదు. దారిలో ఎదురైన సిబ్బందికి, ఓట్లప్పుడు గడపకొచ్చిన మనిషికి చెప్పినం. పట్టించుకోకపోవడం ఆఫీసు తప్పే, అందులో నాకు అనుమానం లేదు. కానీ మేం అడిగినట్టు చూపించడానికి మా చేతుల్లో ఒక్క కాగితం ముక్క లేదు. ఆ పెద్దమ్మ మంచం పక్కన కూర్చున్నప్పుడు నాకు అదే ఎక్కువ గుచ్చుకుంది.

మా కాలనీలో ఒక పెద్దాయన లైన్‌మన్‌గా చేసి రిటైర్ అయిండు. మరుసటి ఆదివారం అందరం కలిసి కాలనీ తిరుగుదామంటే, "పొద్దుగాల తిరిగితే ఏం కనబడది, చీకటి పడ్డంక రాండ్రి" అన్నడు. రాత్రి ఎనిమిదింటికి బయలుదేరినం. ప్రతి స్తంభం దగ్గర ఆగి, టార్చి కొట్టి నంబరు చూసినం. కరెంటు స్తంభాల మీద పెయింటుతో నంబరు రాసి ఉంటదని నాకు అప్పటిదాకా తెలియనే తెలియదు. కొన్నింటి మీద చెరిగిపోయింది, అక్కడ పక్కింటి నంబరు రాసుకున్నం. వెలిగేది, వెలగనిది, మినుకుమినుకుమనేది, చెట్టుకొమ్మ అడ్డమొచ్చి వెలుగు కిందికి రానిది, అన్నీ వేరువేరుగా రాసినం.

ఆయన ఆ రాత్రి చెప్పిన సంగతులు ఏ ఆఫీసులోనూ మాకు ఎవరూ చెప్పలేదు. స్తంభం, తీగ కరెంటు సంస్థవి. దీపం మాత్రం పట్టణంలో మున్సిపాలిటీది, ఊర్లో పంచాయతీది. తీగ తెగినా ఫ్యూజు పోయినా 1912కి ఫోన్ చేయాలె. బల్బు పోతే అడగాల్సిన తలుపు వేరే. ఈ తేడా తెలియక మేం ఇద్దరి మధ్య తిరిగినం, ఇద్దరూ "మాది కాదు" అన్నరు. ఇంకొకటి, థర్డ్ వైర్. వీధి దీపాలకు విడిగా ఒక తీగ, దానికి ఒక స్విచ్ ఉంటేనే అన్నీ ఒక్కసారి వెలిగించి, తెల్లారినంక ఆర్పొచ్చు. అది లేనిచోట లైటు పట్టపగలు కూడా వెలుగుతూనే ఉంటది, తొందరగా పాడైతది. మా కాలనీలో రెండు గల్లీలకు ఆ తీగే లేదు. అంటే అక్కడ ఎన్ని బల్బులు మార్చినా లాభం లేదు, అడగాల్సింది తీగ.

ఒక మాట మధ్యలో చెప్పాలె. లైటు వెలగట్లేదని ఎవరూ కట్టె పట్టుకొని స్తంభం దగ్గరికి పోవద్దు, ఎక్కొద్దు. బట్టలారేసే ఇనుప దండెం స్తంభానికి కట్టొద్దు. వానాకాలం ఆ దండెం పట్టుకొని ప్రాణాలు పోయిన ఇండ్లున్నయి. మా పరిశీలనలో అట్లాంటి దండాలు కూడా కనబడ్డయి, ఆ రాత్రే విప్పించినం.

ఇక రాసుకున్నదంతా ఎట్లా దాచాలె? మా కాలనీ సంఘానికి అధ్యక్షుడున్నడు, బోర్డు ఉన్నది, బుక్కు లేదు. పొదుపు సంఘం నడిపే ఒక అక్క లేచి, "మేము పది మందిమి కూసున్నా తీర్మానం రాసి సంతకాలు పెడ్తం, మీరు ఇంత పెద్ద సంఘం పెట్టుకొని గాలిల మాట్లాడ్తరా అన్నా?" అన్నది. ఆమె మాట సబబు. మా మండలాల్లో మహిళా సంఘాల ఆడవాళ్లకు హాజరు, తీర్మానం, జమాఖర్చు ఎప్పటినుంచో చేతికి అలవాటైన పనులు. ఆ బుక్కు ఆమె చేతికే ఇచ్చినం. ఇప్పటికీ ఆమె దగ్గరే ఉన్నది.

అంతకుముందు మా దరఖాస్తు "మా కాలనీలో దీపాలు వెలుగుట లేదు, దయతో" అని మొదలయ్యేది. ఈసారి దయ మాట తీసేసినం. స్తంభం నంబరు, గల్లీ, ఏం పోయింది, ఎప్పటినుంచి అని వరుసగా రాసి, రెండు ప్రతులు తీసి, ఒకదాని మీద ముద్ర వేయించుకున్నం. సోమవారం జనం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో కలెక్టరేట్‌కు కూడా ఒకటి ఇచ్చినం. మొదటి నెల ఏం కదలలేదు. అప్పుడు సమాచార హక్కు చట్టం కింద, మా దరఖాస్తు మీద ఏం చర్య తీసుకున్నరని అడిగినం. 2005 నాటి ఆ చట్టం ప్రకారం 30 రోజుల్లో జవాబు ఇవ్వాలె. ఫీజు ఊరి స్థాయిలో లేదు, మండల ఆఫీసులో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. జవాబు కంటె ముందే నిచ్చెన బండి వచ్చింది. బల్బులు చాలావరకు వెలిగినయి. తీగ కోసం ఇంకా అడుగుతనే ఉన్నం.

ఇదంతా మేం కొత్తగా కనిపెట్టింది కాదు, మా జిల్లా జనం నీళ్ల కోసం ఎప్పుడో ఇట్లా అడిగిండ్రు. నల్లగొండ పేరు చెప్తే ఒకప్పుడు నీళ్లలోని ఫ్లోరైడుతో వంకర తిరిగిన కాళ్లు, వంగిపోయిన నడుములు మతికొచ్చేవి. నీళ్లలో ఫ్లోరైడు లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటొద్దని మన దేశ ప్రమాణం. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు వైపు ఎన్నో బోర్లలో అది దాటింది. ఆ నీళ్లు చూడటానికి తేటగానే ఉంటయి, తాగితే తేడా తెలియది. పరీక్ష చేస్తేనే బయటపడేది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడు తగ్గించే పద్ధతిని 1970ల్లో నీరి అనే కేంద్ర పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు తయారుచేస్తే, దానికి నల్లగొండ టెక్నిక్ అని పేరొచ్చింది. పేరు ప్రపంచమంతా తిరిగింది, మా ఊర్లకు మాత్రం మంచినీళ్లు రాలేదు.

1996 లోక్‌సభ ఎన్నికల్లో దుశ్చర్ల సత్యనారాయణ గారి జలసాధన సమితి ఆధ్వర్యంలో జనం గుంపులు గుంపులుగా నామినేషన్లు వేసిండ్రు. ఒక్క నల్లగొండ నియోజకవర్గంలో 480 మంది అభ్యర్థులు. బ్యాలెట్ కాగితం పుస్తకమంత అయింది. వాళ్లు గెలవడానికి నిలబడలేదు, దేశం ఒక్కసారి ఇటు చూడాలని నిలబడ్డరు. చూసింది. అదే ఏడాది పార్లమెంటు, నామినేషన్‌తో కట్టే ధరావతును 500 నుంచి 10,000 రూపాయలకు పెంచింది. నీళ్లకంటె ముందు ఫీజు వచ్చిందన్నమాట, ఆ సంగతి ఎప్పుడు తలచుకున్నా నాకు కష్టమైతది. ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం పైలాన్‌కు చౌటుప్పల్‌లో శంకుస్థాపన జరిగింది 2015లో. నడుమ పందొమ్మిదేండ్లు. ఆ నడుమ పుట్టిన పిల్లల ఎముకల గురించి ఆలోచించండి.

ఇప్పుడు దారులు కొంచెం దగ్గరగా ఉన్నయి. 2018 పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టమంటది. 2019 పురపాలక చట్టం ప్రతి వార్డుకు యువత, మహిళలు, వృద్ధులు, ప్రముఖులు అని నాలుగు కమిటీలు వేయమంటది. మీ వార్డు కమిటీల్లో ఎవరెవరున్నరో తెలుసా? మా దాంట్లో ఒకాయన పేరు ఉన్నదని ఆయనకే తెలియదు. జాబితా తీసి చూపిస్తే తప్ప నమ్మలేదు.

భద్రత గురించి చెప్పకపోతే ఈ ప్రసంగం సగమే. పక్క కాలనీలో ఒకామె మెడలో గొలుసు తెంపుకుపోయినప్పటి నుంచి మా వాళ్లు కెమెరాలు, కెమెరాలు అన్నరు. నేను వద్దనలేదు. అయితే చీకటిలో పెట్టిన మామూలు కెమెరాలో ఏం పడుతది? ముందు లైటు, తర్వాత కెమెరా అని తీర్మానం రాసినం. చందాలు వసూలైనయి, మూడు మూలల్లో కెమెరాలు పెట్టినం, పనిచేస్తున్నయా లేదా అని వారానికోసారి చూసే మనిషి పేరు కూడా బుక్కులో రాసినం. ఆ పేరు రాయకుంటే ఆరు నెలల్లో అవి పిచ్చుకలకు గూళ్లయితయి.

నాకు ఎక్కువ భయమేసింది కెమెరాల దగ్గర కాదు, రాత్రి కాపలా మాట వచ్చినప్పుడు. కుర్రవాళ్లు కర్రలు పట్టుకొని తిరుగుతమన్నరు. 2018 మే నెలలో ఏం జరిగిందో నేను మరిచిపోలేదు. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు వచ్చినయని ఫోన్లలో పుకారు లేచి, మన రాష్ట్రంలోనే అమాయకులను కొట్టి చంపిండ్రు. అప్పుడు గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గారు పోలీసులను ఊరూరికీ పంపి, డప్పు కొట్టించి, పాట పాడించి ఆ పుకారును ఆపిండ్రు. అక్కడి ఊర్లలో ఒక్కరి ప్రాణం పోలేదు. మా సమావేశంలో ఆ సంగతి చెప్పి, అనుమానమొస్తే 100కు ఫోన్ చేయాలె, ఎవరి మీదా చెయ్యి వేయొద్దు అని రాయించినం. సంతకం పెట్టినోళ్లే కాపలా తిరగాలె.

ఆ రోజే ఇంకొక ప్రశ్న వచ్చింది. మనకు తెలియని మనిషి ఎవరు? కాలనీ చివర రేకుల ఇండ్లలో పాలమూరు వైపు నుంచి వచ్చిన మేస్త్రీ కూలీలు కిరాయికి ఉంటరు. మా సంఘంలో వాళ్ల పేరు ఒక్కటి కూడా లేదు, ఎందుకంటే సభ్యత్వం ఇంటి యజమానులకే. ఇది సిగ్గుపడాల్సిన సంగతి. మార్చినం. అంత తేలికగా మారలేదు, ఇద్దరు పెద్దమనుషులు లేచి వెళ్లిపోయిండ్రు, తర్వాత వాళ్లే మళ్లీ వచ్చిండ్రు.

పోయిన నెల సమావేశానికి ఆ రేకుల ఇండ్ల నుంచి ఒక చెల్లె వచ్చింది. బుక్కులో స్తంభాల లెక్క అంతా విని, "అన్నా, మీరు రాత్రి తిరిగిండ్రు. తెల్లారుజామున ఎవరన్న తిరిగిండ్రా?" అని అడిగింది. ఆమె ఐదున్నరకు లేబర్ అడ్డాకు నడిచి పోతది. ఐదింటికే ఎవరో స్విచ్ బంద్ చేస్తున్నరట. చలికాలం, ఇంకా కటిక చీకటి. రోడ్డు పొడుగునా కుక్కలు. చీపుర్లు పట్టుకొని సఫాయి పనికి పోయే ఆడవాళ్లు కూడా ఆ దారినే పోతరు. మేం అందరం నిద్రలో ఉండే గంట అది, మా లెక్కలోకి రానేలేదు.

మరునాడు ఐదింటికి బుక్కు రాసే అక్కతో పాటు నేనూ పోయి చూసిన. ఆ చెల్లె చెప్పినట్టే ఉన్నది. బుక్కులో కొత్త పేజీ తీసి, స్తంభాల నంబర్లు చెల్లె చెప్తుంటే అక్క రాసింది, కింద చెల్లె సంతకం పెట్టింది. ఈ సోమవారం ఆ కాగితం తీసుకొని ప్రజావాణికి పోతున్నం. ఒకరోజు కూలి పోతదని తెలిసినా, ఆ కాగితం తానే ఇస్తానన్నది చెల్లె.

సెలవు. నమస్కారం.