విమానంలో 'ఓకే' అన్న మాట

నమస్తే అండి. ఈ రోజు మా అమ్మ సంగతితో మొదలుపెడతాను. హైదరాబాద్ నుంచి అమెరికాకి నా దగ్గరికి వస్తూ, మధ్యలో ఒకచోట ఫ్లైట్ మారింది. గేటు దగ్గర ఒకాయన అమ్మ చేతిలో ఉన్న చిన్న పెట్టె చూపించి, లోపల చోటు లేదు, కింద లగేజీలో వేస్తామన్నాడు. తర్వాత గబగబా ఇంకేదో అడిగాడు. అమ్మ "ఓకే, ఓకే" అంది. ఆయన పెట్టె పిడికి ట్యాగ్ చుట్టేశాడు. ఆయన అడిగింది అందులో మందులేమైనా ఉన్నాయా అని. బీపీ, షుగర్ మాత్రలన్నీ అందులోనే ఉన్నాయి. ముందు 14 గంటల ప్రయాణం.

"ఎందుకు ఓకే అన్నావమ్మా?" అంటే, "నవ్వుతూ అడిగాడు నాన్నా, వెనకాల అంత లైను ఉంది, మళ్లీ మళ్లీ అడిగితే ఏం బాగుంటుంది" అంది.

అమ్మ 30 ఏళ్లు బ్యాంకులో పనిచేసింది. ఇంగ్లీష్ రాకేం కాదు. ఆయన యాస అందలేదు, అంతే. మన పెద్దవాళ్లలో చాలామంది చక్కగా నడవగలిగి కూడా వీల్‌చైర్ పెట్టించుకుంటారు, గమనించారా? కాళ్ల నొప్పుల కోసం కాదు, పక్కన మాట్లాడే మనిషి ఒకరుంటారని.

ఇదే 'ఓకే' కాక్‌పిట్‌లో పడితే ఏమవుతుందో చూడండి. 1977 మార్చి 27, స్పెయిన్‌కి చెందిన టెనెరిఫే దీవి. రన్‌వే నిండా పొగమంచు. నెదర్లాండ్స్‌కి చెందిన కేఎల్ఎం విమానం కో-పైలట్ రేడియోలో "వి ఆర్ నౌ ఎట్ టేకాఫ్" అన్నాడు. టేకాఫ్ మొదలుపెట్టేశాం అని ఆయన భావం. టేకాఫ్ చోటులో ఆగి ఉన్నాం అని, టవర్ నుంచి విమానాలకి అనుమతులిచ్చే స్పానిష్ కంట్రోలర్‌కి అర్థమైంది. ఆయన "ఓకే" అని, ఒక్క క్షణం ఆగి, "ఉండండి, నేను పిలుస్తాను" అన్నాడు. సరిగ్గా అప్పుడే, అదే రన్‌వే మీద ఉన్న పాన్ యామ్ విమానం కూడా మాట్లాడింది. రెండు మాటలూ ఢీకొని రేడియోలో కీచుమనే శబ్దం వచ్చింది. కేఎల్ఎం వాళ్లకి స్పష్టంగా వినిపించింది ఆ 'ఓకే' ఒక్కటే. ఆ విమానం రన్‌వే మీద దూసుకెళ్లి పాన్ యామ్ విమానాన్ని ఢీకొంది. 583 మంది చనిపోయారు. కారణాలు ఇంకా ఉన్నాయి కానీ, నాకు మాత్రం ఆ ఒక్క మాట దగ్గరే మనసు ఆగిపోతుంది. ఆ తర్వాత నుంచి, టేకాఫ్‌కి అనుమతి ఇచ్చేటప్పుడు, ఆ అనుమతి రద్దు చేసేటప్పుడు తప్ప 'టేకాఫ్' అనే మాటే వాడకూడదని నియమం పెట్టారు.

మన దేశంలోనూ జరిగింది. 1996 నవంబర్ 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద సౌదీ విమానం, కజకిస్తాన్ విమానం ఆకాశంలో ఢీకొని 349 మంది పోయారు. 15,000 అడుగుల దగ్గర ఆగమని కంట్రోలర్ చెప్పినా, కజక్ విమానం అంతకంటే కిందికి దిగిపోయింది. ఆ సిబ్బందికి ఇంగ్లీష్ అంతంతమాత్రమే కావడం గురించి అప్పట్లో గట్టిగానే చర్చ జరిగింది.

ఇప్పుడు అంతర్జాతీయ విమానాల పైలట్లకి ఐకావో, అంటే అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ, ఇంగ్లీష్ పరీక్ష పెట్టింది. ఆరు స్థాయిల్లో కనీసం నాలుగో స్థాయి రావాలి. నాకు బాగా నచ్చింది ఏంటంటే, యాస ఉండకూడదని అందులో ఎక్కడా లేదు. మాతృభాష ప్రభావం ఉండొచ్చు, అది తరచూ అర్థానికి అడ్డం పడకూడదు, అంతే. ఇంగ్లీష్‌లోనే పుట్టి పెరిగినవాళ్లయినా, యాస అందరికీ అందేలా మాట్లాడాల్సిందే.

అంకెలు చూడండి. రేడియోలో 3ని 'ట్రీ' అంటారు, 5ని 'ఫైఫ్', 9ని 'నైనర్'. 'త్' దగ్గర నాలుక సరిగ్గా తిరగలేదని క్లాసులో నవ్వించుకున్న పిల్లలు మనలో ఎంతమందో! ఆకాశంలో అసలు నియమమే 'ట్రీ'. ఆపైన రీడ్‌బ్యాక్ ఉంది. కంట్రోలర్ చెప్పిన ఎత్తు, రన్‌వే నంబర్ పైలట్ తిరిగి చెప్పాలి. తప్పు చెబితే కంట్రోలర్ అక్కడికక్కడే సరిదిద్దుతాడు. ఉత్త 'ఓకే' చెల్లదు.

క్యాబిన్‌లో ఉన్న మనకి అలాంటి నియమం ఎవరూ పెట్టలేదు. అందుకే తిరుగు ప్రయాణానికి ముందు మేమే ఇంట్లో నాలుగు రోజులు ప్రాక్టీస్ చేశాం. గేటు దగ్గర మళ్లీ పెట్టె అడిగారట. అమ్మ ఈసారి "స్లోలీ ప్లీజ్, వన్స్ మోర్" అంది. ఆ అమ్మాయి కొంచెం వంగి, ఒక్కో మాటా విడివిడిగా, "టాబ్లెట్స్? ఇన్‌సైడ్?" అంది. అమ్మ అక్కడే జిప్పు తీసి, మాత్రల డబ్బా బయటికి తీసి హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుంది. వెనకాల లైను ఆగింది. ఎవరూ ఏమీ అనలేదట.