మొదటి ఎయిర్‌బ్రష్, కంప్రెసర్: ఏం చూసి కొనాలి?

[తెర మీద: బల్లపై ఎయిర్‌బ్రష్, పక్కనే చిన్న కంప్రెసర్, మధ్యలో చుట్టిన గొట్టం]

ఎయిర్‌బ్రష్ అంటే గాలితో రంగును సన్నగా చిమ్మే పెన్నులాంటి పరికరం, దానికి గాలి ఇచ్చేది కంప్రెసర్. ఎయిర్‌బ్రష్ కొనాలనుకునేవాళ్లు చాలామంది ముందు బ్రష్‌ల గురించే వెతుకుతారు. ఏ కంపెనీది, నాజిల్ (రంగు బయటికి వచ్చే సన్నటి కొస) ఎంతది అని రోజుల తరబడి చూస్తారు. కంప్రెసర్ దగ్గరికి వచ్చేసరికి మిగిలిన డబ్బుతో దొరికింది తీసుకుంటారు. దీన్ని తిరగేయండి. గాలి నిలకడగా వస్తే మామూలు బ్రష్ కూడా సన్నటి గీత గీస్తుంది. గాలి ఊగిసలాడితే ఎంత ఖరీదైన బ్రష్‌తో గీసినా గీత చుక్కలు చుక్కలుగా పడుతుంది. అందుకే ముందు గాలి సంగతి చూద్దాం.

ఇక్కడ చెప్పేదంతా చేతిలో పట్టే పనులకే: ప్లాస్టిక్ విమానాలు, కార్ల మోడళ్లు, జానెడు మట్టి బొమ్మలు. పందిట్లో పెట్టే పెద్ద వినాయకుడికి వాడే స్ప్రే గన్ లెక్క వేరు.

[దగ్గరగా: కంప్రెసర్ ట్యాంకు, గేజ్]

పిస్టన్ కంప్రెసర్ గాలిని ఒక్కో తోపుగా కొడుతుంది. ట్యాంకు లేకపోతే ఆ తోపులు గొట్టం దాటి నేరుగా నాజిల్‌కి వస్తాయి. మధ్యలో 3 లీటర్ల ట్యాంకు ఉంటే చాలు, తోపులు అందులోనే అణిగిపోతాయి. మోటారు కూడా ఎప్పుడూ తిరుగుతూ ఉండక్కర్లేదు. ఏఎస్ 186 అనే రకం ఇలాంటిదే: ఆరో వంతు హార్స్‌పవర్, నూనె అక్కర్లేని పిస్టన్, 3 లీటర్ల ట్యాంకు, నిమిషానికి సుమారు 20 లీటర్ల గాలి. ట్యాంకులో ఒత్తిడి 3 బార్‌కి పడితే తనంతట తానే మొదలవుతుంది, 4 బార్‌కి చేరితే ఆగుతుంది. ఇదే యంత్రం రకరకాల పేర్లతో అమ్ముతారు. కాబట్టి స్టిక్కర్ మీద పేరు వదిలేసి మూడు చూడండి: ట్యాంకు, గేజ్ ఉన్న రెగ్యులేటర్ (గాలి ఒత్తిడిని పెంచి తగ్గించేది), నీళ్లు పట్టే ఫిల్టర్. ఏ ఒక్కటి లేకపోయినా వద్దు.

బండి టైర్లకు గాలి కొట్టే చిన్న పంపుతో నడుస్తుందా అంటే, నడవదు. అది కొద్ది నిమిషాల పనికి చేసింది, ఆగకుండా వాడితే వేడెక్కిపోతుంది. ట్యాంకూ ఉండదు. వర్క్‌షాప్‌లో వాడే 24 లీటర్ల కంప్రెసర్ ఇంట్లో ఉంటే మాత్రం నిక్షేపంగా వాడుకోండి. రెగ్యులేటర్, ఫిల్టర్ తగిలిస్తే చాలు. అపార్ట్‌మెంట్‌లో దాని మోత పక్కింటివాళ్లకీ వినిపిస్తుంది, అదొక్కటే ఇబ్బంది. ఇంకో మాట, చిన్న కంప్రెసర్‌తో బైక్ ట్యాంకు కూడా పెయింట్ చేద్దామనుకోకండి. స్ప్రే గన్ తాగే గాలి దీనికి ఎన్నో రెట్లు.

[దగ్గరగా: వేలు ట్రిగ్గర్‌ని నొక్కి, వెనక్కి లాగడం]

ఇప్పుడు బ్రష్. డ్యూయల్ యాక్షన్, పైన కప్పు ఉన్నది తీసుకోండి. ట్రిగ్గర్ నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు. కప్పు పైన ఉంటే రంగు తన బరువుకే దిగుతుంది, తక్కువ గాలితో పని అవుతుంది, నాలుగు చుక్కల రంగైనా చాలు. చేతికి మొదట అలవాటు కావాల్సింది వరస: ముందు గాలి, తర్వాత రంగు, ఆపేటప్పుడు ముందు రంగు, చివరికి గాలి. రెండూ ఒకేసారి వదిలేస్తే నాజిల్ కొసన ఒక చుక్క నిలబడిపోతుంది. మళ్లీ నొక్కగానే అది బొమ్మ మీద చిట్లుతుంది.

నాజిల్ 0.3 మిల్లీమీటర్లది సరిపోతుంది. 0.2 సన్నగా గీస్తుంది నిజమే, కానీ మే నెల ఎండలో అక్రిలిక్ రంగు అందులో ఊరికే ఎండి పూడుకుపోతుంది. ప్రైమర్ (రంగుకి ముందు వేసే పూత), మెటాలిక్ రంగులే ఎక్కువ వేస్తారనుకుంటే 0.5 హాయి.

[బాగా దగ్గరగా: గోరు మీద నాజిల్]

ఇది చూడండి. చవక బ్రష్‌ల్లో నాజిల్ బియ్యపు గింజంత ఉంటుంది, దానికి మరలు. చిన్న స్పానర్‌తో బిగిస్తారు. కాస్త తగిలి ఆగిందంటే అక్కడితో ఆపేయాలి. ఇంకొక్క పావు మలుపు తిప్పితే మరలు తెగి ముక్క లోపలే ఉండిపోతుంది. ఇవాటా ఎక్లిప్స్ హెచ్‌పీ-సీఎస్ లాంటి వాటిలో నాజిల్‌కి మరలే ఉండవు, ఊరికే కూర్చోబెట్టి మూత బిగిస్తే చాలు. కొత్త చేతికి దీనివల్ల చాలా నిశ్చింత. ధర ఎక్కువైనా అక్కడ పెట్టిన డబ్బు వృథా కాదు. ఏది కొన్నా, దాని విడి నాజిల్, నీడిల్ (నాజిల్ లోపల కదులుతూ రంగును వదిలే, ఆపే సూది) దొరుకుతాయో లేదో ముందే అడగండి. గొట్టం మర కూడా చూసుకోండి: చాలా బ్రష్‌లకు ఎనిమిదో వంతు అంగుళం మర ఉంటుంది, బ్యాడ్జర్, పాష్ కంపెనీల మర వేరు, వాటికి అడాప్టర్ కావాలి.

నీడిల్ తుడిచేటప్పుడు టిష్యూ ఎప్పుడూ కొస వైపుకే జరగాలి. దూది పోగు కొసకి తగులుకుంటే అది వంగినట్టే. వంగిన నీడిల్‌తో రంగు ఒక పక్కకి పోతుంది.

[తెర మీద: గేజ్ ముల్లు]

మొదటిరోజు రంగు ముట్టుకోకండి. కప్పులో నీళ్లు పోసి పాత పేపరు మీద గీయండి. ఒత్తిడిని ట్రిగ్గర్ నొక్కి ఉంచి చూడాలి. ఊరికే ఉన్నప్పుడు 25 పీఎస్‌ఐ (బార్ లాగే ఇదీ ఒత్తిడి కొలతే) చూపించినది గాలి పారేసరికి తగ్గుతుంది. పారుతున్నప్పుడు 15 నుంచి 20 మధ్య ఉంటే అక్రిలిక్‌కి బాగుంటుంది. రంగు పాలంత పల్చగా ఉండాలి, కప్పు గోడ మీద పోస్తే జారిపోయి పల్చటి పొర మిగలాలి.

రంగు సాలెపురుగు కాళ్లలా నలువైపులా పాకిందంటే మరీ పల్చనైంది, లేదా మరీ దగ్గర నుంచి కొట్టారు. ఉప్పు కాగితంలా గరుగ్గా వచ్చిందంటే రంగు గాల్లోనే ఎండుతోంది. దగ్గరికి జరగండి, లేదా ఒత్తిడి తగ్గించండి. కొట్టే కొద్దీ రంగు సన్నగిల్లి ఉన్నట్టుండి చిమ్మితే కొసన రంగు ఎండింది. తడి కాటన్ బడ్‌తో తుడవండి, రంగులో రెండు చుక్కలు రిటార్డర్ (రంగు త్వరగా ఎండకుండా చేసే ద్రవం) వేయండి. కప్పులో బుడగలు వస్తుంటే నాజిల్ సరిగా కూర్చోలేదు, లేదా పూడుకుంది, లేదా పగిలింది. ట్రిగ్గర్ వెనక్కి లాగినా రంగు రాకపోతే వెనకాల నీడిల్‌ని పట్టే నట్టు వదులైందేమో చూడండి. కడగడానికి బ్రష్ మొత్తాన్ని థిన్నర్‌లో నానబెట్టకండి, లోపలి రబ్బరు రింగులు ఉబ్బిపోతాయి.

అక్రిలిక్‌కి కూడా మాస్క్ ఉండాల్సిందే, ఎన్95 వేసుకోండి. లాకర్ రంగులకు (ఘాటైన థిన్నర్‌తో పల్చన చేసేవి) అది చాలదు, వాసన పట్టే కార్ట్‌రిడ్జ్ ఉన్న మాస్కే కావాలి. కిటికీ కూడా తెరవండి.

[దగ్గరగా: ట్యాంకు అడుగున డ్రైన్ స్క్రూ, కింద గుడ్డ]

విశాఖ, కాకినాడ లాంటి తీరం ఊళ్లలో, వానాకాలంలో, గాలిలో తేమ ఎక్కువ. నొక్కిన గాలి చల్లబడగానే ఆ తేమ నీరవుతుంది. కంప్రెసర్ వేడెక్కితే ఫిల్టర్ దాటాక గొట్టంలో కూడా నీళ్లు కడతాయి, అవే రంగులో చుక్కలుగా పడతాయి. అరగంటకోసారి ఆపి చల్లారనివ్వండి. అప్పటికీ పడుతుంటే బ్రష్‌కి గొట్టం కలిసే చోట ఇంకో చిన్న ఫిల్టర్ తగిలించండి. రోజు పని అయ్యాక కొద్దిగా గాలి మిగిలి ఉండగానే ట్యాంకు అడుగున స్క్రూ వదులు చేయండి, నీళ్లు గాలితో పాటు గుడ్డ మీదికి వచ్చేస్తాయి. తుప్పు రంగు నీళ్లు వస్తే చాలా రోజులుగా తీయలేదని అర్థం. పూర్తిగా ఆగాక స్క్రూ బిగించి ప్లగ్ తీసేయండి.