ఫోన్-ఇన్ కార్యక్రమం: ఎల్విస్ ప్రెస్లీ సినిమా పాటల సంకలనాలు

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. అమెరికా గాయకుడు, నటుడు ఎల్విస్ ప్రెస్లీ సినిమా పాటల సంకలనాల్లో ఏది కొనుక్కోవాలో, ఎలా వినాలో చెప్పడానికి చాలాకాలంగా రికార్డులు సేకరిస్తున్న పెద్దలు మనతో ఉన్నారు. మొదటి ఫోన్ హైదరాబాదు నుంచి. చెప్పండి.

శ్రోత (హైదరాబాదు): నమస్కారం సార్. ఆయన సినిమా పాటలు విడివిడిగా కొన్ని విన్నాను. ఒక్క ఆల్బమ్ మాత్రమే కొనుక్కోగలిగితే ఏది కొనమంటారు?

నిపుణులు: నమస్కారం బాబూ. 1995లో ఆర్‌సీఏ అనే రికార్డుల సంస్థ రెండు సీడీలుగా తెచ్చిన 'కమాండ్ పెర్ఫార్మెన్సెస్' కొనుక్కోండి. ఎల్విస్ కథానాయకుడిగా మొత్తం 31 సినిమాలు వచ్చాయి, వాటిలో 27 అరవయ్యో దశకంలోవే. ఆ దశకపు సినిమా పాటల్లోంచి అరవైకి పైగా ఏరి కూర్చిన సంకలనం అది. అయితే 'జైల్‌హౌస్ రాక్', 'కింగ్ క్రియోల్' వంటి యాభయ్యో దశకపు పాటలు అందులో ఉండవు, వాటిని వేరుగా వెతుక్కోవాలి. ఈ రోజు ఎవరు ఫోన్ చేసినా నేను మొదట చెప్పే మాట ఒక్కటే: వెనుక అట్ట మీద పాటల పట్టిక పూర్తిగా చదవకుండా డబ్బు ఇవ్వకండి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. విశాఖపట్నం నుంచి ఫోన్‌లో ఉన్నారు, చెప్పండి.

శ్రోత (విశాఖపట్నం): నమస్కారమండి. నేను పదవీ విరమణ చేసిన ఉద్యోగిని. మా అన్నయ్యకు ఎల్విస్ అంటే ప్రాణం. ఆయన దగ్గర రికార్డు ప్లేయర్ ఉండేది, ఆదివారం పూట మమ్మల్నందరినీ కూర్చోబెట్టి వినిపించేవాడు, ముల్లు పెట్టేటప్పుడు ఎవరినీ ఊపిరి కూడా పీల్చనిచ్చేవాడు కాదు. ఆయన పోయి మూడేళ్లయింది. ఆ ప్లేయర్ బాగు చేయించి, ఆయన పేరున ఒక రికార్డు కొందామని ఒక పాత రికార్డుల దుకాణానికి వెళ్లాను. అక్కడ 'బర్నింగ్ లవ్ అండ్ హిట్స్ ఫ్రమ్ హిజ్ మూవీస్, వాల్యూమ్ 2' అని కనిపిస్తే, హిట్స్ అని రాసి ఉంది కదా అని తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి పెడితే, మొదటి పాట తప్ప అన్నయ్య వినిపించిన పాట ఒక్కటీ లేదండి. ఇంతకీ ఆ 'బర్నింగ్ లవ్' ఏ సినిమాలోది?

నిపుణులు: ఏ సినిమాలోదీ కాదండి. ఆయన నటించిన కథాచిత్రాల్లో ఏ ఒక్కదానిలోనూ ఆ పాట లేదు. 1972లో రికార్డయి, అమెరికాలో పాటల ఆదరణను లెక్కగట్టే బిల్‌బోర్డ్ పట్టికలో రెండో స్థానం దాకా వెళ్లిన పాట అది. ఆ ఊపు మీద ఉండగానే, ఆ పాటనూ, అది వచ్చిన చిన్న రికార్డు రెండో వైపు పాటనూ తీసుకుని, పాత సినిమా పాటలు ఎనిమిది చేర్చి, అదే ఏడాది చివర్లో ఆర్‌సీఏ వారు క్యామ్‌డెన్ అనే తమ చవక రికార్డుల ముద్ర మీద ఈ ఎల్పీ, అంటే పెద్ద రికార్డు, తెచ్చారు. ఆ ఎనిమిదింటిలో అమెరికాలో హిట్ అయినది ఒక్కటీ లేదు.

శ్రోత: మరి హిట్స్ అని వేశారు కదండీ?

నిపుణులు: వేశారు. అట్ట ముందు వైపు ఉన్నది అమ్ముకోవడానికి వేసిన మాట, వెనుక వైపు ఉన్నది లోపలి సరుకు. అందుకే వెనుక అట్ట చదవమని గొంతు పోయేలా చెబుతున్నాను.

శ్రోత: సరేనండి. మా అన్నయ్య అయితే కొనే ముందు రికార్డును వెలుతురుకు పట్టుకుని గీతలు చూసేవాడు. నాకు అంత తెలియదు. అయితే ఆ 'బర్నింగ్ లవ్' ఏదో ఒక సినిమాలో ఉండే ఉంటుంది కదా?

నిపుణులు: ఇప్పుడే చెప్పానండీ, లేదు. దయచేసి కొంచెం వినండి, తక్కిన శ్రోతలు కూడా వేచి ఉన్నారు. (కాసేపు ఆగి) అయినా మీరు అన్నగారి కోసం తెచ్చుకున్న రికార్డు కాబట్టి ఒక మాట చెబుతాను. మోసపోయానని దాన్ని అటక మీద పడేయకండి. 'నో మోర్' అనే పాట 1961 నాటి 'బ్లూ హవాయీ' కోసం పాడినది. దాని బాణీ 'లా పలోమా' అనే పాత స్పానిష్ పాటది. 'టెండర్ ఫీలింగ్' అమెరికా జానపదం 'షెనాండోవా' బాణీలో సాగుతుంది. 'శాంటా లూసియా' నేపుల్స్ రేవు పాట. 'ఐ లవ్ ఓన్లీ వన్ గర్ల్' వెనుక ఫ్రెంచి జానపదం ఉంది. 'టునైట్ ఈజ్ సో రైట్ ఫర్ లవ్' వెనుక ఓఫెన్‌బాక్ అనే పాత స్వరకర్త రాసిన పడవ పాట ఉంది. ఎనిమిదింటిలో కనీసం అయిదు పాత బాణీలే. బాణీ మీద అమెరికాలో హక్కుదారు ఎవరూ లేనప్పుడు, కొత్త మాటలు రాయించుకున్న ప్రచురణకర్త బాణీకర్తకు వాటా ఇవ్వనక్కర్లేదు కనుక, ఆ రోజుల్లో సినిమాల కోసం ఇలాంటివి చాలా చేశారు. కానీ జానపద బాణీని అందుకున్నప్పుడు ఆయన గొంతులో వచ్చే మెత్తదనం చూడండి, అది లెక్కల కోసం పుట్టేది కాదు.

శ్రోత: మళ్లీ వింటానండి. అన్నయ్య ఉంటే ఇవన్నీ చెప్పేవాడు.

వ్యాఖ్యాత: ధన్యవాదాలండి. తరువాతి ఫోన్, రాజమహేంద్రవరం నుంచి.

శ్రోత (రాజమహేంద్రవరం): సార్, నా దగ్గర ఎల్విస్ రికార్డులు పది దాకా ఉన్నాయి. ఇప్పుడు అమ్మితే ఎంత వస్తుందంటారు?

నిపుణులు: ధరల సంగతి నేను చెప్పనండి. చూడకుండా ఎవరు చెప్పినా నమ్మకండి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. తిరుపతి నుంచి చెప్పండి.

శ్రోత (తిరుపతి): నమస్కారం సార్. నేను కళాశాల విద్యార్థినిని. ఎల్విస్ సినిమా పాటలన్నీ చెత్త అనీ, ఆయన ప్రతిభ హాలీవుడ్‌లో వృథా అయిందనీ చదివాను. నిజమేనా?

నిపుణులు: సగం నిజం అమ్మా, ఆ సగం కూడా అందరూ బద్ధకంగా చెప్పేదే. ఏడాదికి రెండు మూడు సినిమాల చొప్పున, ప్రచురణ సంస్థకు హక్కుల్లో వాటా ఇవ్వడానికి ఒప్పుకున్న రచయితల దగ్గరి నుంచి మాత్రమే పాటలు తీసుకున్నప్పుడు నాసిరకం పాటలు రాక తప్పదు, వచ్చాయి కూడా. కానీ 'కాంట్ హెల్ప్ ఫాలింగ్ ఇన్ లవ్' సినిమా పాట కాదా? 'బ్లూ హవాయీ'లో కథానాయిక అమ్మమ్మకు పుట్టినరోజు కానుకగా సంగీతపు పెట్టె ఇచ్చి, ఆమె ముందు పాడే పాట అది. 18వ శతాబ్దపు ఫ్రెంచి ప్రేమగీతం 'ప్లెజిర్ ద్’అమూర్' బాణీ దానికి ఆధారం. ఆ ఆల్బమ్ బిల్‌బోర్డ్‌లో 20 వారాలు మొదటి స్థానంలో ఉంది. తరువాత డెబ్బయ్యో దశకంలో తన కచేరీలను ఆయన ఎక్కువగా ఈ పాటతోనే ముగించేవారు. 1958 నాటి 'కింగ్ క్రియోల్' పాటలు వినండి, న్యూ ఆర్లియన్స్ ఇత్తడి వాద్యాల నడుమ ఆయన గొంతు ఎలా గర్జిస్తుందో తెలుస్తుంది. సైన్యంలో చేరవలసిన గడువును వాయిదా వేయించుకుని మరీ పూర్తి చేసిన సినిమా అది. మంచి సంకలనం చేసే పని ఇదే తల్లీ, తాలు చెరిగి గింజ చేతికిస్తుంది. అందుకే ఎవరు ఏరారు, ఏమి ఏరారు అన్నది వెనుక అట్ట మీద చూడమంటాను.

వ్యాఖ్యాత: డాలస్ నుంచి ఫోన్‌లో ఉన్నారు.

శ్రోత (డాలస్): నమస్కారమండి. నా దగ్గర 'జీఐ బ్లూస్' రికార్డులు రెండున్నాయి, ఒకటి ఇక్కడ కొన్నది, ఒకటి జర్మనీలో కొన్నది. ఒక పాట రెండింటిలో వేరుగా ఉంది. జర్మనీది నకిలీయా?

నిపుణులు: నకిలీ కాదమ్మా, రెండూ అసలైనవే. ఇందాక చెప్పిన ఓఫెన్‌బాక్ బాణీ పాట ఈ సినిమాలోదే, ఆ బాణీతో ఐరోపాలో హక్కుల చిక్కు వచ్చింది. అందువల్ల అక్కడ స్ట్రాస్ అనే స్వరకర్త వాల్ట్‌జ్ నాట్య బాణీతో 'టునైట్స్ ఆల్ రైట్ ఫర్ లవ్' అనే వేరే పాట పెట్టారు. రెండూ దాచుకోండి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. గుంటూరు నుంచి.

శ్రోత (గుంటూరు): సార్, 'జైల్‌హౌస్ రాక్' ఎల్పీ అసలుది ఎక్కడా దొరకడం లేదు. కారణం ఏమిటి?

నిపుణులు: అప్పట్లో ఎల్పీ వేయలేదు కనుక దొరకదు. 1957లో అది అయిదు పాటల ఈపీగా, అంటే కొద్ది పాటల చిన్న రికార్డుగా, వచ్చింది. 'ఫాలో దట్ డ్రీమ్', 'వివా లాస్ వేగస్' కూడా ఈపీలే, కాబట్టి సంకలనమే మీకు దారి. పాత పాటలు కొనేటప్పుడు మోనో, అంటే ధ్వని అంతా ఒకే మార్గంలో వచ్చేది, చూసుకోండి. మోనోలో రికార్డయిన వాటిని తరువాత యంత్రం మీద సాగదీసి స్టీరియో అన్నారు, ఆ ధ్వని బావిలోంచి వచ్చినట్లుంటుంది. అది కూడా అట్ట మీదే...

వ్యాఖ్యాత: ఫోన్ కట్ అయింది. విశాఖపట్నం పెద్దాయన మళ్లీ లైనులోకి వచ్చారు. క్లుప్తంగా చెప్పండి.

శ్రోత (విశాఖపట్నం): నేనేనండి. మీరు చెప్పారని వెనుక అట్ట చదువుతున్నాను. 'నో మోర్' రెండో వైపున ఉందండి, రెండో పాట.

నిపుణులు: అవునండి. రికార్డు తిప్పండి. మొదటి పాట అయ్యాక గీత కనిపిస్తుంది, అక్కడ ముల్లు నెమ్మదిగా దించండి. మీ అన్నగారు దించినట్లే.