పాత మిలిటరీ చాకు కొన్నాక ముందు ఏం చేయాలి, ఏం చేయకూడదు

అందరికీ నమస్కారం అండి. ఇదిగో, ఇవాళ బల్ల మీద ఉన్నది ఇదే. బ్రిటిష్ ఆర్మీ మడత చాకు, ఇక్కడివాళ్ళు క్లాస్ప్ నైఫ్ అంటారు. పోయిన ఆదివారం కార్ బూట్ సేల్‌లో పన్నెండు పౌండ్లకి దొరికింది. ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్ళకి తెలుసు, పొద్దున్నే కార్ల డిక్కీలు తెరిచి ఇంట్లో పాత సామాను అమ్ముతుంటారు కదా, అక్కడ. అద్దాల పెట్టెల్లో వెతక్కండి. పాత స్క్రూడ్రైవర్లు, మేకులు వేసిన డబ్బా ఉంటుంది చూశారా, దాని అడుగున వెతకండి.

దగ్గరగా చూపిస్తాను, ఆగండి... ఆ, ఫోకస్ వచ్చింది. నల్ల పిడి, దాని మీద గళ్ళు. చేయి తడిగా ఉన్నా జారదు. ఇది బ్లేడు. ఇది డబ్బా ఓపెనర్. వెనక ఉన్నది మార్లిన్ స్పైక్, మన గోనెసంచులు కుట్టే దబ్బనం లాంటిది, బిగుసుకుపోయిన తాడు ముడి విప్పడానికి. బ్లేడు కొస చూడండి, మొన లేదు. వెన్ను కిందికి వంగి అంచుని కలుస్తుంది, అంచు మాత్రం తిన్నగా ఉంటుంది. షీప్‌ఫుట్ అంటారు. తాడు కోసేటప్పుడు చేయి జారినా గుచ్చుకోదు. నాకు ఈ చాకులో అన్నిటికంటే ఇష్టమైంది ఈ ఆకారమే.

సరే, శుభ్రం చేద్దాం. బిగుసుకుపోయింది కదా, బలంగా లాగకండి, గోరు ఊడుతుంది. కీలు దగ్గర రెండు చుక్కలు నూనె. నేను కుట్టుమిషన్ నూనె వాడతాను, పల్చగా ఉంటుంది, సందుల్లోకి పోతుంది. రాత్రంతా వదిలేయండి. పొద్దున తెరిచి, మూసి, తెరిచి, మూసి... చూశారా, ఆ నల్లటి మడ్డి? తుడవండి, మళ్ళీ నూనె, మళ్ళీ తుడవండి. పాత టూత్‌బ్రష్, పళ్ళు కుట్టుకునే పుల్ల చాలు. వేడినీళ్ళు మాత్రం వద్దు, ఈ ప్లాస్టిక్ పిడి వంకర తిరగొచ్చు.

ఇప్పుడు అసలు సంగతి. ఇక్కడ ఆపి చూడండి, కావాలంటే వీడియో వెనక్కి తిప్పుకోండి. బ్లేడు మొదట్లో, కీలు పక్కన, ఈ తుప్పు కింద ఏదో ఉంది. వేలితో తడిమితే తెలుస్తుంది. నా మొదటి చాకు విషయంలో ఇక్కడే పొరపాటు చేశాను. మెరవాలని డ్రిల్‌కి వైర్ బ్రష్ తగిలించి రెండు నిమిషాలు పట్టాను. అద్దంలా మెరిసింది. ముద్ర పోయింది. ఏ సంవత్సరందో, ఎవరు చేశారో చెప్పే ఆధారం ఇక లేదు. ఆ చాకు ఇప్పటికీ నా దగ్గరే ఉంది, చూసినప్పుడల్లా బాధేస్తుంది.

అందుకని ఇక్కడ సాండ్‌పేపర్ వద్దు, డ్రిల్ వద్దు. నూనెలో ముంచిన గుడ్డ, ఆ పుల్ల, అంతే. మెల్లగా... ఇంకొంచెం... ఆ, కనిపించిందా? లైటు పక్క నుంచి వేస్తాను. మూడు గీతలు, కాకి కాలు లాగా. అదే బ్రాడ్ యారో, బ్రిటన్‌లో ప్రభుత్వ సొత్తు మీద కొట్టే గుర్తు. కింద ఎస్.ఎస్.పి., అంటే చాకు చేసిన కంపెనీ, షెఫీల్డ్ స్టీల్ ప్రొడక్ట్స్. పక్కన 1940. రెండో ప్రపంచ యుద్ధం నాటిది! ఎవరో సైనికుడి నడుముకి వేలాడిన వస్తువు ఇది. ఈ చుట్టూ ఉన్న నల్ల మచ్చలు నేను తీయను, అలాగే ఉండనీయండి. కొనేటప్పుడు ఇంకో మాట. ఉక్కంతా అరిగిపోయి, గుర్తు మాత్రం నిన్న కొట్టినట్టు పదునుగా ఉంటే అనుమానించండి, నకిలీలు ఉన్నాయి.

సాన పట్టడం ఇంతకుముందు వీడియోలో చూపించాను, అదే పద్ధతి. ఇది మామూలు కార్బన్ ఉక్కు, త్వరగా పదునెక్కుతుంది, త్వరగా తుప్పూ పడుతుంది. యాపిల్ కోశారా, వెంటనే తుడిచేయండి. పళ్ళు కోసే చాకైతే బ్లేడుకి కుట్టుమిషన్ నూనె వద్దు, మందుల షాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్ రాయండి.

జేబులో పెట్టుకోవడం గురించి చాలామంది అడిగారు. బ్రిటన్‌లో అయితే మడత చాకు, తెరిచాక బ్లేడు లాక్ పడనిది, కోసే అంచు మూడంగుళాల లోపు ఉంటే వెంట ఉంచుకోవచ్చు. లాక్ పడే చాకైతే అది చిన్నదైనా సరైన కారణం ఉండాలి. ఇది లాక్ పడదు, అయినా మీ దాన్ని స్కేలుతో కొలుచుకోండి. ఇండియా వెళ్తుంటే చెక్-ఇన్ బ్యాగులో వేయండి, చేతి సంచిలో అస్సలు వద్దు.

నిజం చెప్పాలంటే రోజూ నా జేబులో ఉండేది ఇది కాదు, ఇదిగో, ఇది. స్విట్జర్లాండ్ సైనికుల 1961 మోడల్. మూస్తే 93 మిల్లీమీటర్లు, అల్యూమినియం పిడి, స్టెయిన్‌లెస్, కాబట్టి తుప్పు టెన్షన్ లేదు. దీనికీ బ్లేడు మొదట్లోనే సంవత్సరం, చివరి రెండు అంకెలు. నాది 78. ఆ ముద్ర దగ్గరా ఇదే జాగ్రత్త.

మూసేటప్పుడు వేళ్ళు పిడి పక్కలకి పెట్టండి, అంచు దారిలో కాదు. లాక్ లేదు కదా, స్ప్రింగ్ ఒక్కసారిగా లాగేస్తుంది. ఇలా... టక్. విన్నారా? స్ప్రింగ్ ఇంకా బాగుంది.